"వద్దంటే ఏమవుతుంది సార్?"

(కడపలో కన్ఫర్మేషన్ క్లాసులు మొదలయ్యే ముందు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అయ్యగారికి, సంఘ పెద్దలకు, అమ్మలకు, నాయనలకు వందనాలు.

కడప ఎండలో మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. సండే స్కూల్ టీచర్ మాట నమ్మలేమంటారా, అదీ నిజమే.

పోయిన ఏడాది క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. తొమ్మిదో తరగతి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం తడుముకోకుండా చెప్తాడు. ఆ రోజు ఆరాధన క్రమం చదివి వినిపిస్తూ, "ఇక్కడ బిషప్ గారు మిమ్మల్ని అడుగుతారు, మీరు ఒప్పుకుంటున్నామని చెప్పాలి" అన్నాను. చెయ్యెత్తాడు. "వద్దంటే ఏమవుతుంది సార్?"

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వి, "అట్లా ఎవరూ అనరులే, కూర్చో" అన్నాను. ఇన్నేళ్ళుగా ఈ క్లాసు చెప్తున్నాను, అంత తప్పు జవాబు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇంటికి పోయాక అన్నం సహించలేదు.

ఎందుకంటే వాడు అడిగిందే అసలు సంగతి. ఈ పిల్లల్ని మీరు చంకనెత్తుకొని బాప్తిస్మానికి తెచ్చారు. అడిగినవాటికి మీరే జవాబు చెప్పారు. వాళ్ళు ఏడ్చారు, అంతే. స్థిరీకరణ, అంటే ఈ కన్ఫర్మేషన్ రోజున, ఈ విశ్వాసం నీదేనా అని మొదటిసారి వాళ్ళనే అడుగుతారు. మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధన క్రమంలో దాని పేరే బాప్తిస్మం పొందినవారిని సంఘపు పూర్తి సభ్యత్వంలోకి చేర్చుకోవడం. కన్ఫర్మేషన్ అనేది వాడుక పేరు. తలమీద చేతులుంచి ప్రార్థించేది ఆ జవాబు విన్న తర్వాతే.

మా తాతకు ఇదేమీ జరగలేదు. లండన్ మిషన్ వాళ్ళు కడపకు 1822లో వచ్చారు. ఆ సంఘాలకు బిషప్‌లు లేరు. జమ్మలమడుగు పక్కన పల్లెలో సంఘం ముందర నిలబెట్టి పెద్దలే ఆయన్ను అడిగారంట. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్ఐ ఏర్పడ్డాకే మనకు బిషప్ గారూ, ఈ పద్ధతీ వచ్చాయి. కర్నూలులో మా మేనత్తది బాప్టిస్టు సంఘం. వాళ్ళు చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, నోరు తెరిచి అడిగిన రోజే నీళ్ళలో ముంచుతారు. అత్తకు కేసీ (కర్నూలు-కడప) కాలువలో ఇచ్చారు. ఆ నీళ్ళే సుంకేసుల నుంచి మన కడప దాకా వస్తాయి కాబట్టి నువ్వూ నేనూ ఒకటేలేరా అనేది. వేదాంతం సంగతి అయ్యగారికి వదిలేస్తా. తాతనైనా, అత్తనైనా, మనల్నైనా ఎవరో ఒకరు నిలబెట్టి అడిగారు.

ఆర్సీఎం (రోమన్ కాథలిక్) స్నేహితులు చిన్నప్పుడే సత్ప్రసాదం, అంటే మన ప్రభువు బల్ల, తీసుకుంటారు కదా, మేమెందుకు కన్ఫర్మేషన్ దాకా ఆగాలని పిల్లలు అడుగుతుంటారు. పదో పయస్ పోపు గారు 1910లో మొదటి సత్ప్రసాదం వయసును ఏడేళ్ళ దగ్గరికి తెచ్చారు, అందుకని చెప్పండి. చాలు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. మన ఇళ్ళల్లో ఓణీల ఫంక్షన్ చేస్తున్నాం. ముందు ప్రార్థన, తర్వాత బిర్యానీ. తప్పు పట్టడం లేదు, మా అమ్మాయికీ చేశాం. సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టించాను, పాప ఫోటో నిలువెత్తు. ఫంక్షన్ అయిపోయి పది రోజులైనా దాన్ని తీయలేదు. పాప బడికి ఆ సందులో కాకుండా వెనక వీధిలోంచి చుట్టు తిరిగి పోతోందని వాళ్ళమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. నీకు ఇష్టమేనా అని ఒక్క మాట అడగలేదు నేను. మేనమామను అడిగాం, వంటవాణ్ణి అడిగాం, ఫోటోగ్రాఫర్‌ను అడిగాం.

కన్ఫర్మేషన్‌నూ మెల్లగా అట్లాగే చేస్తున్నాం. తెల్ల చీర, కొత్త చొక్కా, వాట్సాప్ స్టేటస్. పిల్లలకేమో టెన్త్ కెమిస్ట్రీకి ఉన్నంత టెన్షన్, విశ్వాస ప్రమాణంలో ఒక్క ముక్క మర్చిపోతామేమోనని. ఇందులో నా తప్పూ ఉంది. అప్పజెప్పించుకోవడం నాకు సులువు, మార్కులు వేసినట్టు ఉంటుంది. దేవుడి గురించి నీకేమనిపిస్తోందిరా అని అడిగితే జవాబు ఎటు పోతుందో తెలీదు.

లూకా సువార్త రెండో అధ్యాయం ఇంటికి పోయి ఒకసారి చదవండి. యేసుకు పన్నెండేళ్ళు, పండక్కి పోయి యెరూషలేము దేవాలయంలోనే ఉండిపోయాడు. వెతికి వెతికి మూడు రోజుల తర్వాత కనుక్కున్న తల్లి కోపంగానే అడుగుతుంది, మమ్మల్ని ఎందుకిట్లా చేశావని. పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు. వాళ్ళకు ఆ మాట అర్థం కాలేదని లూకా దాచుకోకుండా రాశాడు. మరియమ్మ కొట్టలేదు, వాదించలేదు, మనసులో పెట్టుకుంది. పిల్లవాడు వాళ్ళతో నజరేతుకు తిరిగి వచ్చి మాట విన్నాడు కూడా. నేనైతే సందు మొదటి నుంచి చెవి మెలేసుకుంటూ తెచ్చేవాణ్ణి.

ఆ అబ్బాయి విషయం అడుగుతారేమో. పేరు చెప్పను. వారం తర్వాత పిలిచి, వద్దంటే ఏమీ కాదురా, నువ్వు మా వాడివే, ఎప్పుడు కావాలంటే అప్పుడు రా అన్నాను. పోయిన ఏడాది నిలబడలేదు. వాళ్ళమ్మ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆదివారం గుడికి వస్తున్నాడు. ఈ ఏడాది పేరిస్తాడో లేదో నాకు తెలీదు, నేను అడగలేదు.

అయ్యగారితో మాట్లాడి ఈసారి ఒక మార్పు చేశాం. బిషప్ గారు వచ్చే ముందు శనివారం ఒక్కొక్క పిల్లవాడూ అయ్యగారితో విడిగా మాట్లాడతాడు. మీరు బయట వరండాలో ఉండాలి, కిటికీ దగ్గర కాదు. లోపల ఏమన్నావని ఇంటికి పోయి గుచ్చి గుచ్చి అడగొద్దు. ఈ ఏడు వద్దని ఎవరైనా అంటే వచ్చే ఏడు మళ్ళీ క్లాసు ఉంటుంది, నేనూ ఉంటాను, దేవుని చిత్తమైతే.

క్లాసులు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మొదలు. నోటు పుస్తకం తెస్తే చాలు. టైలర్ దగ్గరికి మాత్రం ఇప్పుడే పోవద్దండి.