పదివేల డాలర్ల నోటు రద్దు కాలేదండీ, ఇంకా చెల్లుతుంది

నమస్కారం. ఈ వీడియో కాస్త చిరాకుతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. అమెరికా పాత నోట్ల మీద నేను ఏ వీడియో పెట్టినా కింద ఈ కామెంట్ ఖాయం: "అన్నా, అమెరికా కూడా 1969లో పెద్ద నోట్లు రద్దు చేసింది. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ఒక్క రాత్రిలో నల్లధనం అంతా ఊడ్చేశాడు." ఇంకొకాయన దాని కిందే "మన దగ్గర చేస్తేనే తప్పా?" అంటాడు. అక్కడి నుంచి చర్చ ఎటు పోతుందో మీకు తెలుసు.

రాజకీయం మీరూ మీరూ చూసుకోండి. నేను నోటు గురించే మాట్లాడతా. అమెరికాలో ఆ నోట్లు రద్దు కాలేదు. ఈ రోజుకీ పదివేల డాలర్ల నోటు పట్టుకుని అక్కడి బ్యాంకుకి వెళితే పదివేలు మీ ఖాతాలో వేస్తారు. అలా వేయించుకున్నవాడంత అమాయకుడు ఇంకొకడు ఉండడు, అది వేరే సంగతి. ఎందుకో చెప్తా.

[తెర మీద: 1934 సిరీస్ పదివేల డాలర్ల నోటు, ముందు వైపు]

ఇదీ ఆ నోటు. సైజు చూడండి, మామూలు ఒక డాలర్ నోటంతే. పక్కపక్కన పెడితే కొలతలో తేడా ఉండదు. ఆకుపచ్చ సీలు, నాలుగు మూలలా 10,000 అంకె. వెనక వైపు ఏ భవనం బొమ్మా లేదు, ఉన్నదంతా అల్లికలాంటి నగిషీ, మధ్యలో అక్షరాలు. ముందు వైపు ఉన్న పెద్దమనిషి అధ్యక్షుడు కాడు. పేరు సాల్మన్ చేజ్, లింకన్ దగ్గర ఆర్థిక మంత్రి. 1862లో ప్రభుత్వం ఒక డాలర్ నోటు వేస్తే దాని మీద ఈయన బొమ్మే పడింది. ఆ నోట్లు వేయించిన శాఖకి మంత్రి ఎవరనుకున్నారు, ఈయనే! అధ్యక్షుడు కావాలని గట్టి కోరిక ఉన్న మనిషి, అందరి జేబులో తన ముఖం ఉంటే మంచిదే కదా. అధ్యక్ష పదవి దక్కలేదు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. చివరికి ఆ ముఖం ఎవరి జేబులోనూ ఉండని నోటు మీదకి చేరింది.

దీని కింద అయిదువేల నోటు మీద జేమ్స్ మాడిసన్, వెయ్యి మీద గ్రోవర్ క్లీవ్‌ల్యాండ్, అయిదొందల మీద మెకిన్లీ. 1934లో మామూలు కొత్త ఫోర్డ్ కారు ఆరొందల డాలర్ల లోపే వచ్చేది. అంటే పదివేల నోటు ఒక్కటి మడిచి జేబులో పెట్టుకుంటే వీధి నిండా కార్లు కొనొచ్చు. అందుకే ఇది అంగడిలో తిరిగే నోటు కాదు. బ్యాంకులు ఒకదానికొకటి బాకీలు తీర్చుకోవడానికి, పెద్ద భూముల బేరాలకి వాడేవారు.

ఇప్పుడు అసలు విషయం. ఊరి చెరువు ఊహించుకోండి. పై నుంచి వాగు వచ్చి చెరువు నింపుతుంది. కట్ట కింద తూము ఉంటుంది, అందులోంచి నీళ్ళు పొలాలకి పోతాయి. వాగు అంటే నోట్ల ముద్రణ. చెరువు అంటే జనం చేతుల్లో తిరిగే నోట్లు. తూము అంటే బ్యాంకు. బ్యాంకుకి వచ్చిన పాత నోటు ఫెడరల్ రిజర్వ్‌కి, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటి అక్కడి కేంద్ర బ్యాంకుకి పోతుంది, అక్కడ ముక్కలైపోతుంది. తూములోంచి పోయిన నీళ్ళు తిరిగి చెరువులోకి రావు.

ఈ పెద్ద నోట్ల వాగు ఎప్పుడు ఆగింది? 1945లో. ఆ తర్వాత కొత్తవి అచ్చు వేయలేదు. ఉన్న నిల్వలోంచే ఇస్తూ వచ్చారు. వైరు ద్వారా డబ్బు పంపడం వచ్చాక బ్యాంకులకి ఈ నోట్లతో పని తగ్గిపోయింది. 1969 జూలై 14న ఆర్థిక శాఖ, ఫెడరల్ రిజర్వ్ కలిసి ఒక ప్రకటన చేశాయి: వాడకం లేదు కాబట్టి 500, 1,000, 5,000, 10,000 డాలర్ల నోట్లు ఇకపై ఇవ్వం. అంతే. మార్చుకోవడానికి గడువు లేదు, క్యూలు లేవు, రాత్రి ఎనిమిది గంటల ప్రసంగం లేదు. రెండు రోజుల తర్వాత, జూలై 16న, అపోలో 11 చంద్రుడి మీదకి బయలుదేరింది. ఆ వారం పేపర్లలో ఈ నోట్ల వార్త ఎంతమంది కంట పడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అంటే వాగు ఆగింది, తూము మాత్రం తెరిచే ఉంది. వచ్చిన నోటు వచ్చినట్టు ముక్కలవుతోంది. అయినా చెరువులో మిగిలినవి నీళ్ళే. ఎవరూ వాటిని పనికిరానివి అనలేదు.

మన దగ్గర జరిగింది అది కాదు. 1978 జనవరిలో 1,000, 5,000, 10,000 రూపాయల నోట్లు, 2016 నవంబరు 8న 500, 1,000 నోట్లు రద్దు చేసినప్పుడు, ఊళ్ళో చాటింపు వేయించారు: "రేపటి నుంచి ఈ చెరువు నీళ్ళు నీళ్ళు కావహో!" అని. అవునండీ, మనకీ పదివేల నోటు ఉండేది. 1938లో రిజర్వ్ బ్యాంకు వేసింది, 1946 జనవరిలో రద్దు చేశారు, 1954లో మళ్ళీ తెచ్చారు, 1978లో మళ్ళీ రద్దు. 2016 నోట్ల విషయంలోనైతే 2017లో చట్టమే వచ్చింది. ఆ పాత నోట్లు పది మించి దగ్గర ఉంచుకోకూడదు, నోట్ల మీద పరిశోధన చేసేవాళ్ళకీ సేకరించేవాళ్ళకీ ఇరవై అయిదు దాకా పర్వాలేదు. "మా తాత పెట్టెలో పాత వెయ్యి నోట్ల కట్ట దొరికింది, ఎంత వస్తుంది" అని అడిగేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు వినండి.

అమెరికాలో జరిగినదానికి మన దగ్గర దగ్గరి ఉదాహరణ కావాలంటే రెండువేల నోటు చూడండి. 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నామన్నారు, చెల్లదని అనలేదు. తూము బార్లా తెరిచారు, 98 శాతం పైగా తిరిగి వచ్చేశాయి. కానీ చాటింపు మాత్రం వేయలేదు. 1969 అంటే అది, 2016 కాదు. కామెంట్ పెట్టిన అన్నగారికి ఇది అర్థమైతే నా సగం పని అయిపోయినట్టే.

సరే, తూము తెరిచి ఉంచితే చెరువులో ఎంత మిగిలింది? 2009 నాటి లెక్క: వెయ్యి డాలర్ల నోట్లు లక్షా అరవై అయిదు వేల పైచిలుకు. అయిదువేలవి 342. పదివేలవి 336. దేశమంతా కలిపి 336! ఇక్కడొక తమాషా ఉంది. లాస్ వెగాస్‌లో బినియన్స్ హార్స్‌షూ అని ఒక కేసినో. వాళ్ళు గుర్రపు నాడా ఆకారంలో పెద్ద అద్దాల పెట్టె చేయించి అందులో పదివేల నోట్లు సరిగ్గా వంద అమర్చారు. పది లక్షల డాలర్లు! వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి ఫోటో దిగేవారు. జూదం ఆడించడానికి ఎర అది, చరిత్రని కాపాడదామని ఎవరూ అనుకోలేదు. కానీ జరిగింది ఏమిటి? చెరువు ఎండిపోతున్న కాలంలో ఎవరో పెద్ద గోలెంలో నీళ్ళు పట్టి పక్కన పెట్టినట్టయింది. మిగిలిన 336లో వంద, అంటే దాదాపు మూడో వంతు, ఆ ఒక్క పెట్టెలోంచి వచ్చినవే. సుమారు పాతికేళ్ళ కిందట ఆ పెట్టె నోట్లు అమ్మేశారు, ఇప్పుడు విడివిడిగా వేలాల్లో కనిపిస్తుంటాయి. ఈ విషయంలో మ్యూజియంల కంటే జూదశాలే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం, తిట్టుకుంటే తిట్టుకోండి.

2023 సెప్టెంబరులో డాలస్‌లో ఒక 1934 పదివేల నోటు వేలంలో 4,80,000 డాలర్లు పలికింది. మన డబ్బులో దాదాపు నాలుగు కోట్లు. ఇప్పుడు అర్థమైందా, బ్యాంకులో వేసేవాడిని అమాయకుడని ఎందుకన్నానో? బ్యాంకు ఇచ్చేది పదివేలు, తర్వాత ఆ నోటు తూములో పోతుంది. అలాగని ఏ పెద్ద నోటైనా కోట్లు అనుకోకండి. బాగా నలిగిన వెయ్యి నోటు ముఖ విలువకి రెండు మూడు రెట్లు పలుకుతుంది, అంతే. లక్షకు పైగా ఉన్నాయి కదా.

[తెర మీద: లక్ష డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్, వెనక వైపు నారింజ రంగు]

మరి లక్ష డాలర్ల నోటు? ఉంది. ఉడ్రో విల్సన్ బొమ్మ, వెనక వైపు నారింజ రంగు. 1934 డిసెంబరు 18 నుంచి 1935 జనవరి 9 దాకా మూడు వారాల్లో 42,000 అచ్చు వేశారు. ఇది ఊరి చెరువులోకి వచ్చిన నీరే కాదు. ఒక ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నుంచి ఇంకో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకి పైపులో పోయే నీరు. జనం దగ్గర ఉండటానికి వీల్లేదు. మిగిలినవి స్మిత్‌సోనియన్ మ్యూజియం లాంటి చోట్ల అద్దాల వెనక చూడాలి. "నా దగ్గర ఒకటి ఉంది, అమ్ముతా" అని ఎవరైనా మెసేజ్ పెడితే బ్లాక్ చేయండి.

మిలియన్ డాలర్ల నోటు? అది ఎప్పుడూ లేదు. బొమ్మ నోట్లు అమ్ముతారు, అంతే. 2011లో నార్త్ కరోలైనాలో ఒకాయన వ్యాక్యూమ్ క్లీనరు, మైక్రోవేవ్ వగైరా తీసుకున్నాడు. బిల్లు 476 డాలర్లు. కౌంటరు దగ్గర మిలియన్ డాలర్ల నోటు ఇచ్చాడు. చిల్లర ఎంత రావాలో మీరే లెక్క కట్టుకోండి. పోలీసులు వచ్చారు.

ఇప్పటిదాకా చెప్పింది చెరువు ఎండిపోవడం వల్ల వచ్చే విలువ. నాకు మాత్రం ఇంకో రకం నోట్లంటే ఎక్కువ పిచ్చి. అచ్చులో తప్పు పడ్డవి. ఒక్కటి చూపిస్తా, దగ్గరగా చూడండి.

[తెర మీద: 1996 సిరీస్ ఇరవై డాలర్ల నోటు, అరటిపండు స్టిక్కర్‌తో]

ఇరవై డాలర్ల నోటు. జాక్సన్ బొమ్మకి కుడి పక్కన డెల్‌మాంటే అరటిపండ్ల మీద ఉండే స్టిక్కర్, ఈక్వడార్ అని రాసి ఉంది. స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు కదా అంటారా? కుడి వైపు సీలు, నంబరు ఎక్కడున్నాయో చూడండి. స్టిక్కర్ మీద! నోటు మూడు విడతల్లో అచ్చవుతుంది. ముందు వెనక వైపు, తర్వాత ముందు వైపు బొమ్మ, చివరికి సీళ్ళూ నంబర్లూ. రెండో విడతకీ మూడో విడతకీ మధ్యలో ఆ స్టిక్కర్ కాగితం మీద పడింది. పొరపాటున పడిందో, అరటిపండు తింటున్న మహానుభావుడు ఎవరైనా సరదాకి అంటించాడో. మూడో విడత దాని మీదే అచ్చేసింది. బయట ఎంత మోసగాడైనా ఇది చేయలేడు. 2021 జనవరిలో ఇది 3,96,000 డాలర్లకి పోయింది. ముఖ విలువ ఇరవై!

ఇక టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. నోటు స్థితికి 1 నుంచి 70 దాకా మార్కులు వేసే కంపెనీలు ఉన్నాయి. ఒక్క మడత పడినా మార్కులు దిగిపోతాయి. కాబట్టి పాత నోటు దొరికితే ఇస్త్రీ చేయకండి, ఉతక్కండి, చిరుగుకి టేపు వేయకండి. వేసి ఫోటో పంపేవాళ్ళని చూస్తే నాకు బీపీ వస్తుంది.

నంబర్లు: అన్నీ ఒకే అంకె, 12345678 లాంటి వరస, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే అయ్యేవి, వీటికి గిరాకీ ఉంది. మన దగ్గర 786కీ ఉంది. కానీ "ట్రాక్టర్ బొమ్మ అయిదు రూపాయల నోటుకి లక్షలు" అనే వార్తలు నమ్మకండి. పాత నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకుని కమీషన్లు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. ముందు డబ్బు కట్టమన్నాడంటే అక్కడే ఫోన్ పెట్టేయండి.

రెండు డాలర్ల నోటు అరుదు కాదు. 1966లో ఆపి 1976లో మళ్ళీ మొదలుపెట్టారు, ఇప్పటికీ అచ్చవుతోంది. పెళ్ళిలో చదివింపులకి బాగుంటుంది, పెట్టుబడికి పనికిరాదు.

చివరిది, అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం. నంబరు చివర నక్షత్రం ఉన్న నోటు, చెడిపోయిన నోటుకి బదులు వేసింది. 2013 సిరీస్ ఒక డాలర్ నోట్లలో, బి అక్షరంతో మొదలై నక్షత్రంతో ముగిసే నంబర్లని పొరపాటున వాషింగ్టన్‌లోనూ ఫోర్ట్‌వర్త్‌లోనూ రెండు చోట్లా అచ్చు వేశారు. అరవై లక్షలకు పైగా జతలు! ఫోర్ట్‌వర్త్‌ది అయితే ముందు వైపు చిన్న అంకె పక్కన ఎఫ్, డబ్ల్యూ అక్షరాలు ఉంటాయి. ఒకే నంబరు ఉన్న రెండు నోట్లూ కలిస్తేనే విలువ, ఒంటరిది అయితే మామూలు డాలరే. పర్సు తీసి చూడండి, ఉంటే నంబరు కింద కామెంట్‌లో పెట్టండి. డాలస్‌లో ఒకరి దగ్గర, న్యూజెర్సీలో ఇంకొకరి దగ్గర జత తేలితే మిగతా బేరం మీరిద్దరూ చూసుకోండి, నాకు కమీషన్ వద్దు.