ఫ్రెంచ్ మాట, మెంఫిస్ గిటార్

[తెర మీద: సుళ్లు తిరుగుతున్న సిగరెట్ పొగ]

ఈ పొగ సుళ్లని ఫ్రెంచ్‌లో ‘వొల్యూత్’ అంటారు. దాన్నే రెండుగా విరిచి ‘వో ల్యూత్’ అంటే, మీ పోరాటాలు. చెవికి రెండూ దాదాపు ఒక్కటే. 1991లో ఫ్రెంచ్ గాయకుడు అలెన్ బషుంగ్ ఈ శ్లేష చుట్టూ ‘వొల్యూత్’ అనే పాట అల్లాడు. మీ పోరాటాలు పొగైపోతున్నాయి అంటాడు. భట్టుమూర్తి వింటే భుజం తట్టేవాడేమో!

ఆ పాట ఉన్న ఆల్బమ్ పేరు ‘ఒజే జొజెఫీన్’. తెగించండి జొజెఫీన్, అని.

[తెర మీద: ఆల్బమ్ కవర్]

ఫ్రెంచ్ మాటని బ్లూస్‌తో, అంటే అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతంతో కలపడమే ఇందులో ప్రయోగం. అందులో కష్టం ఏముంది? ‘షాన్సన్’ అంటే ఫ్రెంచ్‌లో ఉత్త పాట అనే అర్థం. కానీ ఆ సంప్రదాయంలో పెద్దపీట మాటదే, సంగీతం దాని వెనక నడుస్తుంది. బ్లూస్‌లో తాళమే ముందుండి లాక్కుపోతుంది. ఇంగ్లీష్ మాటల్లో కొన్ని అక్షరాల్ని గట్టిగా నొక్కి పలుకుతారు, అందుకే డ్రమ్ దెబ్బకి అవి ఇట్టే అతుక్కుంటాయి. ఫ్రెంచ్‌లో ఆ నొక్కు పదబంధం చివర్లోనే పడుతుంది, మిగతాదంతా సమంగా జారిపోతుంది. 1960లలో అమెరికన్ రాక్ పాటల్ని ఫ్రెంచ్‌లోకి దింపినప్పుడు వచ్చిన చిక్కు ఇదే. డబ్బింగ్ పాటలు విన్న మనకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

బషుంగ్, సహరచయిత జాన్ ఫోక్ వేరే దారి పట్టారు. కథ చెప్పడం మానేసి శ్లేషలు, తెగిన వాక్యాలు, ఒకే శబ్దంతో ముగిసే పొట్టి ముక్కలు పేర్చారు. ముక్క పొట్టిదైతే చివర త్వరగా వస్తుంది, నొక్కూ త్వరగా పడుతుంది. తాళానికి కావాల్సింది అదే.

[తెర మీద: గిటార్ తీగల మీద జారుతున్న గాజు గొట్టం]

రికార్డింగ్‌కి అమెరికాలో మెంఫిస్‌లోని ఆర్డెంట్ స్టూడియోకి వెళ్లారు. గిటార్‌కి లూసియానా స్లైడ్ కళాకారుడు సనీ లాండ్రెత్. స్లైడ్ అంటే వేలికి గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చడం. లాండ్రెత్ అంతటితో ఆగడు, గొట్టం వెనక కూడా మిగతా వేళ్లతో తీగలు నొక్కుతాడు. బషుంగ్ సగం పాడి, సగం మాట్లాడి వదిలేసిన ఖాళీల్లో గిటార్ జవాబు చెబుతుంటుంది.

నాలుగు ఇంగ్లీష్ పాటలు కూడా పాడాడు, అమెరికన్ గాయకులు బాబ్ డిలన్‌ది, బడ్డీ హాలీది కలిపి. బాగానే పాడాడు గానీ, నాకవి ఎక్కలేదు. పదాలతో ఆటే లేనప్పుడు బషుంగ్ ఎందుకు?

ఇక ఇదే ఆల్బమ్‌లోని ఇంకో పాట ‘మదామ్ రెవ్’, అంటే మేడమ్ కలగంటోంది. రాసింది పియెర్ గ్రియే. ఇక్కడ బ్లూస్ గిటార్ పక్కకి తప్పుకుంటుంది. తీగవాద్యాల అలల మీద ఆ బొంగురు గొంతు తేలుతుంది, అంతే. ముందు ‘వొల్యూత్’ వినండి, వెంటనే ఇది.

[తెర నలుపు. వయొలిన్లు మొదలు]