పన్ను రంగు ఎవరు చూడాలి?

శ్రోతలకు నమస్కారం. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీకు కనిపించేది సాధారణంగా ఇద్దరే. కుర్చీకి ఒక పక్క డాక్టరు, రెండో పక్క సక్షన్ గొట్టం పట్టుకున్న సహాయకురాలు. మీ పంటికి తొడిగే క్యాప్‌ను తయారుచేసే టెక్నీషియన్‌ను మీరు చూడరు, చాలాసార్లు ఆయనా మిమ్మల్ని చూడడు. 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టరుతో పాటు పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టునూ, డెంటల్ మెకానిక్ అనే పేరుతో ఈ టెక్నీషియన్‌నూ గుర్తించింది. అయితే వీరందరి మధ్య మాట నడవడం చట్టంతో అయ్యే పని కాదు. ఆ మాట గురించే ఈ రోజు నా ప్రసంగం.

కొన్నేళ్ల కిందట ఒక ఉపాధ్యాయురాలు బస్సు దిగుతూ జారిపడి, పైవరుసలో ముందు పన్ను విరిగి మా దగ్గరికి వచ్చారు. రూట్ కెనాల్ ముగించి, పన్ను అరగదీసి, కొలత తీసుకున్నాను. ఆ తరువాతే షేడ్ గైడ్, అంటే 16 రంగుల నమూనా పళ్లు వరుసగా గుచ్చిన పలక, తీసి పక్క పంటితో పోల్చి, చీటీ మీద ‘ఎ1’ అని రాసి, క్యాప్ తయారుచేసే ల్యాబుకు పంపాను. ‘ఎ’ వరుసలో అన్నిటికంటే తెల్లనిది ‘ఎ1’, అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. వచ్చిన క్యాప్ మా గదిలోని దీపం కింద బాగానే కనిపించింది. ఆవిడ వరండాలోకి వెళ్లి చిన్న అద్దంలో చూసుకుని, “డాక్టరుగారూ, ఈ ఒక్క పంటికీ సున్నం వేసినట్టుందండీ” అన్నారు.

‘రంగు సరిపోలేదు, మళ్లీ చేయండి’ అని రాసి తిప్పి పంపాను. ఏ విధంగా సరిపోలేదో రాయలేదు. రెండోసారి వచ్చినదీ అంతే తెల్లగా ఉంది. టెక్నీషియన్ శ్రద్ధ పెట్టలేదని నాకు కోపం, చీటీలో ఉన్నదే చేశాను కదా అని ఆయనకు బాధ.

అప్పుడు మా సహాయకురాలు నెమ్మదిగా అన్నది: “సార్, మనం రంగు చూసింది పని అంతా అయ్యాక కదండీ. అప్పటికి మేడంగారు ముప్పావుగంటగా నోరు తెరిచే ఉన్నారు. పక్క పళ్లు ఆరిపోయి తెల్లబడ్డాయి. పొద్దున వచ్చినప్పుడు అంత తెలుపు లేవండీ.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తడి ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది, లాలాజలంలో మళ్లీ నానితే కాని అసలు రంగు తిరిగి రాదు. నేను పుస్తకంలో చదివిన ఈ సంగతిని ఆమె రోజూ కళ్లతో చూస్తున్నది. మొదటిసారే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, “మీరు అడగలేదు కదండీ” అన్నది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. కాని అన్నేళ్లుగా నా పక్కనే నిలబడి పనిచేస్తున్న మనిషిని, నీకేమి కనిపించిందని నేను ఒక్కసారైనా అడగలేదన్న సంగతి నన్ను చాలా రోజులు బాధించింది.

మరునాడు ఉదయం టెక్నీషియన్‌ను పిలిపించాను. పని మొదలుపెట్టకముందే, కిటికీ పక్కన, పగటి వెలుతురులో ముగ్గురం కలిసి చూశాం. పన్ను నడిమి భాగం ‘ఎ2’, చిగురు దగ్గర ‘ఎ3’, అంచు కొంచెం పారదర్శకం అని ఆయనే బొమ్మ గీసుకున్నారు. మూడో క్యాప్ అమర్చిన రోజు కూడా వచ్చి, ఆవిడ నవ్వుతుంటే చూసి, “నేను చేసిన పన్ను మనిషి నోట్లో చూడడం ఇదే మొదటిసారి సార్” అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

శ్రోతలకు ఒక్క మనవి. ముందు పంటికి క్యాప్ వేయించుకునేటప్పుడు, మత్తు సూది కంటే ముందే, పెదవులకు రంగు ఉంటే తుడుచుకుని, పగటి వెలుతురులో రంగు చూడమని అడగండి. అడగడానికి సంకోచించకండి. తోటి డాక్టర్లకూ ఇదే మనవి: ముందు రంగు చూడండి, ఆ తరువాతే పని మొదలుపెట్టండి. మా ల్యాబు చీటీలో ఇప్పుడు రంగు గడి కిందనే మరో గడి ఉంది. ఏ వేళ, ఏ వెలుతురులో, ఎవరెవరు చూశారో అందులో రాస్తాం. ఆ గడి నింపేది మా సహాయకురాలే. నమస్కారం.