నిండు గడి, ఖాళీ గడి

(నరసాపురంలో డిగ్రీ విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, నన్ను పిలిచిన కంప్యూటర్ల మేడమ్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, వెనక వరసలో బల్ల కింద ఫోను చూసుకుంటున్న అమ్మాయిలకి కూడా నమస్కారం. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. సఖినేటిపల్లి రేవులో పంటు మీదకి కొబ్బరికాయల వ్యాను ఎక్కించడానికే అరగంట పట్టింది. మా ఒడ్డున నిలబడితే మీ నరసాపురం కనిపిస్తూనే ఉంటుంది. కనిపించినంత మాత్రాన వచ్చేయలేం కదా, మధ్యలో గోదారి ఉంది.

బ్యానరు మీద "సృజనాత్మక రంగంలో నూతన వెబ్ సాధనాలు" అని రాశారు. ఫోనులో మేడమ్ గారు "మీరు లేసు డిజైన్లు కంప్యూటర్లో గీస్తారట కదండీ, వచ్చి ఆ ముక్క చెప్పండి చాలు" అన్నారు. ఆ రెండూ ఒకటేనని ఇక్కడికొచ్చాక తెలిసింది.

మూడు సంగతులు చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. గీయడానికి ఏం వాడాలి, ఏఐతో ఏం అవుతుంది, అమ్ముకోవడానికి ఏం చేయాలి. మూడోది నాకంటే మీకే బాగా తెలుసు. ఇన్‌స్టాగ్రామ్ నాకు మా అన్నయ్య కూతురు నేర్పింది. అందుకని అది కొట్టేస్తున్నాను.

ఈ ఊళ్లో లేసు గురించి చెప్పడం అంటే తాతకి దగ్గు నేర్పడమే. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పారు, మన ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని నిలబెట్టారు, 2024లో జిఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చింది. అల్లడం రానివాళ్ల కోసం ఒక్క మాట మాత్రం చెబుతాను. సోఫాల మీద, టీవీల మీద కప్పే గళ్ల లేసు చూసే ఉంటారు. దగ్గరగా చూస్తే అందులో ఉన్నవి రెండే: దారంతో నింపిన గడి, నింపకుండా వదిలేసిన గడి. ఆ రెండింటితోనే గులాబీ వస్తుంది, హంస వస్తుంది, పెళ్లికూతురి పేరు కావాలంటే పేరూ వస్తుంది. సున్నా, ఒకటి అని మీకు క్లాసులో చెబుతారు చూడండి, అదే. మా అమ్మకి సంతకం కూడా రాదు గానీ ఆ లెక్క మాత్రం వచ్చు.

దీనికి నేను వాడినవాటన్నిట్లోకీ మంచి సాఫ్ట్‌వేర్ ఎక్సెల్. నవ్వకండి. జీతాల లెక్కలకే పుట్టిందనుకుంటారు గానీ తెరిస్తే అంతా గళ్లే కదా! 2007 నుంచి ఒక్కో షీటులో 10,48,576 అడ్డ వరసలు, 16,384 నిలువు వరసలు ఉన్నాయి. అన్ని గళ్ల దుప్పటి అల్లాలంటే నరసాపురం మొత్తం కూర్చున్నా ఈ జన్మకి తెమలదు. మామూలుగా గడి అడ్డంగా సాగి ఉంటుంది, 64 పిక్సెళ్ల వెడల్పు, 20 పిక్సెళ్ల ఎత్తు. వెడల్పు కూడా 20కి తగ్గిస్తే చదరం అవుతుంది. 1 కొడితే గడి నల్లబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి. వరస చివర కౌంటిఫ్ అనే ఫార్ములా పెడితే నిండు గళ్లెన్నో అదే లెక్క చెబుతుంది, దారం ఎంత పడుతుందో అంచనా దొరుకుతుంది.

చదరం అన్నాను గానీ అల్లిన గడి ఎప్పుడూ చదరంగా రాదు. చేతి బిగువును బట్టి సాగుతుంది, లేదా నొక్కుకుపోతుంది. తెర మీద గుండ్రంగా గీసిన సూర్యుడు అల్లేసరికి కోడిగుడ్డవుతాడు. అందుకని ముందు పది గళ్లు, పది వరసలు అల్లి, స్కేలుతో కొలిచి, ఆ కొలతకి తగ్గట్టు ఎక్సెల్‌లో ఎత్తు మార్చుకుని అప్పుడు గీయాలి. ఇది నాకు ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. రెండు టేబుల్ క్లాతులు పాడయ్యాక తెలిసింది.

గుండ్రటి లేసుకి ఎక్సెల్ పనికిరాదు. దానికి ఇంక్‌స్కేప్ ఉంది, 2003 నుంచీ ఉచితమే. ఒక రేక గీసి చుట్టూ తిప్పుకుంటే ఎనిమిది రేకలవుతాయి. అందులో దాచుకున్న ఎస్‌వీజీ అనే రకం బొమ్మ ఫైలు ఉత్త నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అక్షరాలుగా కనిపిస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఏఐ. కిందటేడు లేసు ఆర్డర్లు తెచ్చే ఒక ఏజెంటు గారు వాట్సాప్‌లో ఏఐతో చేసిన లేసు నెమలి ఫొటో పంపారు. "అచ్చం ఇలాగే కావాలమ్మా, పార్టీ అడుగుతోంది" అన్నారు. చూడ్డానికి ఎంత బావుందో! మా పిన్నికి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, ఫోను కళ్ల దగ్గర పెట్టుకుని, కాసేపు చూసి, "ఈ దారం ఎక్కడ బయల్దేరిందే అమ్మాయ్? మెడ దగ్గరికొచ్చి మాయమైపోయిందేంటి?" అంది. కుట్టు పూర్తయ్యేసరికి సూదికి ఒక్క ముడే మిగులుతుంది, దారం ఒక దారిన వెళ్లి తీరాలి. ఆ బొమ్మలో దారాలు గాల్లో పుట్టి గాల్లో పోతున్నాయి. సంగతి చెబితే ఏజెంటు గారు "ఫొటోలో ఉంది కదమ్మా" అన్నారు. ఫొటోలో ఆంజనేయుడు సముద్రం కూడా దాటతాడండీ. ఫొటో పంపినాయనకి కమీషను, అల్లే మనిషికి రోజు కూలి కూడా గిట్టదు. ఆ సంగతి మొదలెడితే నాకు సాయంత్రం పంటు తప్పిపోతుంది.

ఏఐని అల్లిక వివరం రాయమని కూడా అడిగి చూశాను. మూడో వరసలో 24 కుట్లు, నాలుగో వరసలో ఆరు పెంచమంది, మొత్తం 31 అంది. పైగా ఎంత ధీమాగా చెప్పిందో! అలాగని తిట్టను. ఇంగ్లీషులో ఉత్తరం రాయాలంటే నాకు అదే దిక్కు. ఒకసారి విదేశీ డిజైను ఒకటి తెలుగులోకి మార్పించుకుని అల్లితే కొలతకి సగమే తేలింది. తీరా చూస్తే మార్చినవాళ్ల తప్పూ కాదు, నా తప్పూ కాదు. అమెరికా వాళ్లు డబుల్ క్రోషే అనే కుట్టుని బ్రిటన్ వాళ్లు ట్రెబుల్ అంటారు. బ్రిటన్ వాళ్ల డబుల్ అమెరికాలో సింగిల్, అంటే పొట్టి కుట్టు. డిజైను ఎవరిదో ముందు కనుక్కోండి, తర్వాత సూది పట్టండి.

కాగితంలో రాసుకున్నది అయిపోయింది. ఇంకో పావుగంట ఉందంటున్నారు మేడమ్. రాసుకోనిది ఒకటుంది.

మా అమ్మకి డిజైన్ల పుస్తకం లేదు. ట్రంకుపెట్టె ఉండేది. ఒక్కో డిజైనుకి జానెడు ముక్క అల్లి అందులో దాచేది. 1996 నవంబరు తుపానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి పెట్టె మునిగింది. ఉతికి ఆరేసుకున్నా తుప్పు మరకలు పోలేదు, ఏటికేడు ముక్కలు పీలికలయ్యాయి. చాలా ఏళ్ల తర్వాత ఇంటికి కంప్యూటరొచ్చాక, గళ్లు నొక్కితే నిండే సైటు ఒకటి కనిపించింది. దాని పేరు చెప్పను. ఎక్సెల్ కంటే ముద్దుగా ఉండేది, రంగులుండేవి, పువ్వు పూర్తయితే అల్లినట్టే చూపించేది. రాత్రి అన్నాలయ్యాక అమ్మ ఆ పీలికల మీద వేలు పెట్టి తడుముతూ చదివేది. నిండు, ఖాళీ, ఖాళీ, నిండు, నిండు. నేను నొక్కేదాన్ని. కరెంటు పోతే అక్కడికి ఆపేవాళ్లం. ఎక్కడ ఆపామో మర్నాడు నాకు గుర్తుండేది కాదు, అమ్మకి ఉండేది. రెండేళ్లలో 43 డిజైన్లు ఎక్కించాం.

ఎక్కించేశాం కదా అని, 2019 భోగినాడు ఆ పీలికలన్నీ నేనే మంటలో వేశాను. అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఏమీ అనలేదు.

మరుసటేడు అమ్మ పోయింది. ఆ పై ఏడు సైటు పోయింది. ముప్పై రోజులు గడువిస్తున్నామని మెయిలు పెట్టారు. అది ప్రకటనల మెయిళ్లలో పడింది, మూడు నెలల తర్వాత చూశాను. వెబ్‌లో ఆటలు, కదిలే బొమ్మలు నడిపించిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి మీ మేడమ్ గారికి గుర్తుంటుంది. 2020 డిసెంబరు 31తో ఆపేస్తామని 2017లోనే ప్రకటించారు. మూడేళ్ల ముందు చెప్పినా ఎన్ని ఆటలు, ఎన్ని బొమ్మలు దానితో పోయాయో. నాకు ముప్పై రోజులిచ్చారు. వాళ్ల తప్పు లేదనుకుంటాను ఒక్కోసారి. ఒక్కోసారి అనుకోను. ఆ సైటులో డౌన్‌లోడ్ బటన్ ఉందా అని రెండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఉందట. కుడివైపు మూలలో. తర్వాత ఎవరో చెప్పారు.

అమ్మాయిలూ, ఇప్పుడు ఆ బల్ల కింద ఫోన్లు పైకి తీయండి. మేడమ్, ఒక్క నిమిషం పర్మిషన్ ఇవ్వండి. మీరు ఏ యాప్‌లోనైనా గీసిన బొమ్మో, ఎడిట్ చేసిన వీడియోనో ఒకటి తెరవండి. దాన్ని బయటికి తీసి పక్కమ్మాయికి పంపండి. ఫొటోగా కాదు. ఇందాక చెప్పిన ఎస్‌వీజీ ఫైలులా, ఆ అమ్మాయి తెరిచి, మళ్లీ మార్చుకోగలిగేలా పంపాలి. కానివ్వండి, చూస్తాను... ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి. నేను అనుకున్నదాని కంటే తక్కువే.

నేను ఇప్పటికీ కొత్తది ఏదొచ్చినా వాడతాను. ఏ టూలు దొరికినా ముందు పాత గులాబీ ఒకటి ఎక్కించి, బయటికి తీసి, మా అన్నయ్య వాళ్లింటి కంప్యూటర్లో తెరుస్తాను. తెరుచుకోకపోతే బావుందని మెచ్చుకుని వచ్చేస్తాను.

ఆ 43లో ఇప్పటికి ఆరు వెనక్కి వచ్చాయి. ఎలాగంటారా? అమ్ముడుపోయినవన్నీ ఓడెక్కి ఏ దేశమో వెళ్లిపోయాయి. ఊళ్లో మిగిలినవి ఏజెంట్లు తిప్పి పంపినవే: మరకపడ్డవి, కొలత తగ్గినవి, గడి తప్పినవి. చుట్టాలిళ్లన్నీ తిరిగాను. మొగల్తూరులో మా వదిన ఒకదాన్ని మిక్సీ మీద కప్పుకుంది, పసుపు మరకలతో సహా తెచ్చుకున్నాను. వాటిని ఎదర పెట్టుకుని గడి గడీ లెక్కపెట్టి ఎక్సెల్‌లో ఎక్కించాను.

ఇది ఏడోది, మొన్ననే దొరికింది. పైకెత్తి చూపిస్తాను, వెనకవాళ్లకి కనిపిస్తోందా? హంస. తలలో కన్ను ఉండాల్సిన చోట గడి ఖాళీగా వదలాలి, నిండిపోయింది. అమ్మకి శుక్లాలు ముదిరిన రోజుల్లో అల్లింది. తప్పు పోయిందో, హంస చేత కావాలనే కన్ను మూయించిందో నాకు తెలియదు. ఏజెంటు మాత్రం తప్పనే తిప్పి పంపాడు.

ఆ కిటికీ పక్కన లాప్‌టాప్ ఉన్న తల్లీ, ఎక్సెల్ తెరువమ్మా. గళ్లు చదరం చేసుకో. నేను కింది అంచు నుంచి చదువుతాను, నువ్వు నొక్కు. కన్ను దగ్గరికొచ్చాక ఆగుదాం, ఏం పెట్టాలో అప్పుడు చూద్దాం. సిద్ధమా? మొదటి వరస. నిండు, నిండు, నిండు, ఖాళీ...