ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటున్నారా? ఎలక్ట్రిక్ బండి పోయాక తెలిసే సంగతులు

"బావా, బండి పోయింది."

పొద్దున్నే ఆరున్నరకి మా బావమరిది ఫోను. నేనింకా మంచం కూడా దిగలేదు. యాక్సిడెంటేమో అని గుండె గుభేలుమంది. కాదట. రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టి పైకెళ్లి పడుకున్నాడు. తెల్లారి దిగి చూస్తే గోడకి ఛార్జర్ వైరు వేలాడుతోంది, బండి లేదు. నేను కంగారు పడుతుంటే వాడే నన్ను ఓదారుస్తున్నాడు. "ఏం పర్లేదులే బావా, ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది. కొని ఇంకా రెండేళ్లే కదా."

ఆ మాట వినగానే నాకు అనుమానం వచ్చింది. పాలసీ పీడీఎఫ్ వాట్సాప్‌లో పెట్టరా అన్నాను. నమస్తే అండీ అందరికీ. ఇవాళ్టి వీడియో ఆ పీడీఎఫ్ గురించే.

స్క్రీన్ మీద చూడండి. పేరు, బండి నంబరు మూసేశాను. ఇక్కడ తేదీలు రెండు వరసల్లో ఉన్నాయి. పైన "ఓన్ డ్యామేజ్", అంటే మన బండికే నష్టం జరిగితే మనకి ఇచ్చేది. కొన్న రోజు నుంచి సరిగ్గా ఒక్క ఏడాది. దాని కింద "లయబిలిటీ", అంటే థర్డ్ పార్టీ. ఇది ఐదేళ్లు. మావాడు చూసింది కింద తేదీ. మీలో చాలామంది చూసిందీ అదే.

ఇలా ఎందుకుంటుందంటే, సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్ ఎవరు కొన్నా ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. థర్డ్ పార్టీ అంటే మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకి ఇచ్చేది. మన బండి పోతే అందులోంచి మనకి పైసా రాదు. దొంగతనం ఓన్ డ్యామేజ్ కిందకి వస్తుంది, అదేమో ఏడాదికి అయిపోయింది. షోరూంలో "ఐదేళ్లు టెన్షన్ లేదు సార్" అన్నవాడు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. పోలీసులు ఆపినా ఆ కాగితం చెల్లుతుంది కాబట్టి మిగతా సగం మనకెప్పుడూ గుర్తు రాదు.

ఆ ఐదేళ్ల థర్డ్ పార్టీకి కట్టేది ఎంతనుకున్నారు? 3 నుంచి 7 కిలోవాట్ల మోటారున్న ఎలక్ట్రిక్ బండికి 2022లో ఖరారు చేసిన రేటు 3,273 రూపాయలు. 75 నుంచి 150 సీసీ పెట్రోల్ బండికి 3,851. ఎలక్ట్రిక్ కాబట్టి 15 శాతం తగ్గించారు. మంచిదే. కానీ దొంగకి ఆ 3,273తో సంబంధం లేదు.

ఏడాది దాటినవాళ్లు విడిగా ఓన్ డ్యామేజ్ పాలసీ ఒక్కటే కొనుక్కోవచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి ఆ వీలుంది. థర్డ్ పార్టీ ఉన్న కంపెనీలోనే తీసుకోవాలని రూలేం లేదు, ఎక్కడ బాగుంటే అక్కడ. పాతది ముగిసిపోయి గ్యాప్ వస్తే బండి ఫొటోలో, వీడియోనో అడుగుతారు, పంపండి.

ఇక కొనేటప్పుడు వెబ్‌సైట్‌లో ఒక గీత ఉంటుంది, వేలితో అటూ ఇటూ జరపడానికి. ఐడీవీ. అంటే బండి మొత్తం పోతే వాళ్లిచ్చే గరిష్ఠ మొత్తం. దాన్ని కిందికి జరిపితే ప్రీమియం తగ్గుతుంది, మనకి సంబరం. లెక్క వేద్దాం రండి. ఎక్స్ షోరూం లక్షా ఇరవై వేలు అనుకోండి. ఏడాది దాటి రెండేళ్ల లోపు బండికి 20 శాతం తరుగు, అంటే 96 వేలు. రెండు దాటి మూడేళ్ల లోపు 30 శాతం, 84 వేలు. ఈ 84ని మీరు 65కి జరిపారనుకోండి, ప్రీమియంలో మిగిలేది ఏవో కొన్ని వందలు. బండి పోయిన రోజున పోయేది 19 వేలు. ఆ గీతని ఎడమకి జరపకండి. నా మాట వినండి.

రిటర్న్ టు ఇన్‌వాయిస్ అని ఒక యాడ్ ఆన్, అంటే పాలసీకి అదనంగా డబ్బు కట్టి చేర్చుకునేది, కూడా అమ్ముతారు. తరుగు లెక్క లేకుండా బిల్లు మీదున్న మొత్తం, కొన్ని పాలసీల్లో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కూడా ఇస్తారు. మొదటి రెండు మూడేళ్లలో తీసుకోదగ్గదే. కాకపోతే తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేస్తూ 2024 నవంబర్ 18 నుంచి కొత్త పాలసీ అమల్లోకి వచ్చింది. ఆ మాఫీతో కొన్నవాళ్లకి తిరిగి రావాల్సిన ట్యాక్సే లేదు. కాబట్టి బిల్లుకీ ఐడీవీకీ మధ్య తేడా ఎంత, దానికి యాడ్ ఆన్ రేటు ఎంత, అదొక్కటే చూసుకోండి. ట్యాక్స్ కూడా వస్తుందని ఎవరైనా ఊరిస్తే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు అసలు ఎలక్ట్రిక్ తలనొప్పి. బ్యాటరీ. కొన్ని బండ్లకి బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుని ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. మనం ఊడదీయగలిగింది దొంగ కూడా ఊడదీయగలడు. బండి అక్కడే ఉంది, బ్యాటరీ పోయింది. అప్పుడేంటి? మన టూవీలర్ పాలసీల్లో ఏళ్లుగా ఉన్న మాట ఒకటి చదువుతా: బండి కూడా పోతేనే తప్ప, యాక్సెసరీలు మాత్రమే దొంగతనానికి గురైతే కంపెనీ ఇవ్వదు. బ్యాటరీ యాక్సెసరీనా, బండిలో భాగమా? నన్నడిగితే అది లేకపోతే బండే కదలదు కాబట్టి భాగమే అంటాను. కానీ చెక్కు రాసేది నేను కాదు కదా. అందుకే కొనేముందు కంపెనీకి మెయిల్ పెట్టండి, "బ్యాటరీ ఒక్కటే పోతే ఇస్తారా, ఎంత తరుగు తీస్తారు" అని. ఫోన్లో ఏజెంట్ "ఇస్తారు సార్" అంటే కుదరదు, రాతలో కావాలి. బ్యాటరీ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ చూసి మోసపోకండి. అది సాధారణంగా నీళ్లు చేరడం, షార్ట్ సర్క్యూట్ లాంటి వాటికి, దొంగతనానికి కాదు.

సరే, ట్రాకర్‌కి వద్దాం. మావాడి బండికి కంపెనీ యాప్ ఉంది. బండిలోనే సిమ్ ఉంటుంది, ఎవరైనా కదిలిస్తే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. వస్తుంది అంటే, వచ్చేది. ఆ కనెక్టెడ్ ప్యాక్ ఉచిత గడువు అయిపోయి నాలుగు నెలలైంది. రెన్యూ చెయ్యమని నోటిఫికేషన్లు వస్తే వీడు పక్కకి తోసేశాడు. ఇప్పుడు యాప్ తెరిస్తే బండి ఇంకా సెల్లార్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది. పాపం, నేనూ కిందికి దిగి ఇంకోసారి చూశాను.

విడిగా జీపీఎస్ ట్రాకర్ పెట్టించుకునేవాళ్లు మూడు విషయాలు అడగండి. దాంట్లో సొంత బ్యాటరీ ఉందా? ఎందుకంటే దొంగ మొదట చేసే పని మెయిన్ పవర్ కట్ చెయ్యడం. సిమ్ 4జీనా, 2జీనా? 2జీ డబ్బా కొని జియో సిమ్ వేస్తే అది పనిచెయ్యదు, జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. మూడోది, వైరు ఎక్కడి నుంచి లాగుతున్నాడు? ఎలక్ట్రిక్ బండి వైరింగ్‌లో బ్లేడుతో గాటు పెట్టి టేపు చుడితే రేపు వారంటీ దగ్గర గొడవ. కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడిగాకే చెయ్యి పెట్టించండి. పెట్టే చోటు కూడా ముఖ్యం. ప్లాస్టిక్ ప్యానెల్ వెనకైతే సిగ్నల్ వస్తుంది, చుట్టూ ఇనుము ఉంటే రాదు.

నా బండి మీద నేను చేసి చూశాను. రోడ్డు మీద ఉంటే మ్యాప్‌లో ట్రాకర్ చుక్క దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగగానే చుక్క గేటు దగ్గరే ఆగిపోయింది. స్లాబు కింద శాటిలైట్ కనపడదు. ఎలక్ట్రిక్ బండ్లు రాత్రంతా ఉండేది సెల్లార్‌లోనే, ప్లగ్ పాయింట్ అక్కడే ఉంటుంది కాబట్టి. కాబట్టి కదలిక తెలిసేలా వైబ్రేషన్ అలర్ట్ ఉన్నది చూసుకోండి, సెల్లార్‌లో ఫోన్ సిగ్నల్ అందుతుందో లేదో ముందే నిలబడి చూసుకోండి. దాంతోపాటు నేలకి కొట్టిన గొలుసు. నవ్వకండి, నాకు గొలుసు మీదే నమ్మకం ఎక్కువ.

ఎయిర్‌ట్యాగ్ (ఆపిల్ వాళ్ల చిన్న ట్రాకర్) లాంటివి చవక, రీఛార్జ్ లేదు, చిన్న బిళ్ల బ్యాటరీతో ఏడాది దాకా వస్తుంది. కానీ దానికి సొంత జీపీఎస్ లేదు. దగ్గర్లో ఐఫోన్లు ఉంటేనే ఎక్కడుందో తెలుస్తుంది. ఇంకోటి, మనుషుల వెంటపడకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటు వల్ల "నీతో పాటు తెలియని ట్యాగ్ కదులుతోంది" అని దొంగ ఫోన్‌కే కబురు వెళ్తుంది. 2023 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా. రెండో ట్రాకర్‌గా ఓకే. అదొక్కటే అంటే వద్దు.

చుక్క ఏదో బస్తీలో ఆగింది అనుకోండి. మీరూ మీ ఫ్రెండ్సూ బయల్దేరకండి. డయల్ 100, స్క్రీన్‌షాట్, లైవ్ లింక్ పోలీసులకి.

బండి పోయిన రోజే ఎఫ్‌ఐఆర్. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 303 కింద రాస్తారు. వెంటనే ఇన్సూరెన్స్‌కి కూడా చెప్పండి. ఒకవేళ వాళ్లకి చెప్పడం ఆలస్యమైతే భయపడక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న కారణంతో దొంగతనం క్లెయిమ్ కొట్టెయ్యకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ గుర్షిందర్ సింగ్ కేసులో చెప్పింది. తర్వాత బండి దొరకలేదని పోలీసులిచ్చే రిపోర్టు రావాలి, దానికి నెలలు పడుతుంది. లోన్ ఉంటే డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్లకి వెళ్తుంది. ఈలోపు ఈఎంఐ ఆగదు. ఆపకండి కూడా.

కంపెనీ తప్పకుండా అడిగేది రెండు తాళాలు. ఒకటి పోగొట్టుకుంటే, అది బండికే వదిలేశారేమో అని అనుమానం. వదిలేసినా కేసు పూర్తిగా పోదు లెండి. తాళం బండిలోనే ఉండిపోయి లారీ పోయిన కేసులో 75 శాతం ఇవ్వమని 2023లో సుప్రీంకోర్టు అంది. కానీ ఆ 75 కోసం కోర్టు మెట్లు ఎక్కాలి. తాళం లేకుండా ఫోన్‌తో నడిచే బండైతే, క్లెయిమ్ తేలేదాకా యాప్‌లోంచి బండిని తీసెయ్యకండి.

గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటని, నంబర్ ప్లేట్ లేని చిన్న బండ్ల వాళ్లకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, చాలామందికి ఉండదు కూడా. మీకు ట్రాకరూ గొలుసే దిక్కు. ఛాసిస్ నంబరు, మోటారు నంబరు, బిల్లు ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి. అవి లేకపోతే స్టేషన్‌లో ఇది నాదే అని చెప్పడానికి కూడా ఏమీ ఉండదు.

మావాడి సంగతా? ఎఫ్‌ఐఆర్ అయింది, బండి దొరకలేదు. ఇంకా పద్నాలుగు ఈఎంఐలున్నాయి. మొన్న భోజనానికి వెళ్తే ఫ్రిజ్ పక్కన మేకుకి రెండు తాళాలూ భద్రంగా వేలాడుతున్నాయి. అడిగే కంపెనీయే లేదు.