రెండో ఏడాది, రెండో ఆల్బమ్: సోఫమోర్ సంగతి

తమ్ముడు: అక్కా, అమెరికాలో జూనియర్ అంటే మన జూనియర్ ఇంటర్ లాంటిదేనా?

అక్క: హైస్కూల్లో అయితే అచ్చంగా అదే. అక్కడ తొమ్మిదో తరగతివాళ్లు ఫ్రెష్‌మన్, పది సోఫమోర్, పదకొండు జూనియర్, పన్నెండు సీనియర్. చిక్కంతా కాలేజీలోనే. నాలుగేళ్ల డిగ్రీకి మళ్లీ అవే నాలుగు పేర్లు మొదటినుంచి వస్తాయి. అంటే అక్కడ జూనియర్ మూడో ఏడాది విద్యార్థి. మనకేమో ఒక్క ఏడాది ముందు చేరినా సీనియరే! అక్కడ కాలేజీలో సీనియర్ అంటే ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు.

తమ్ముడు: ఫ్రెష్‌మన్ సరే, ఈ సోఫమోర్ ఎక్కడినుంచి ఊడిపడింది?

అక్క: 17వ శతాబ్దపు ఇంగ్లండు నుంచి. అప్పట్లో కేంబ్రిడ్జి విద్యార్థులకు వాదోపవాదాలు చదువులో భాగం. తర్కవాదానికి సోఫిజం అని పేరు. దానికే సోఫుమ్ అని పాత రూపం ఉండేది, అందులోంచి పుట్టింది. తర్వాత గ్రీకు వచ్చిన మహానుభావులు దాన్ని సోఫోస్, మోరోస్ అని విడగొట్టారు. ఒకటి జ్ఞాని, రెండోది మూర్ఖుడు. వ్యుత్పత్తిగా నిలవదు కానీ, రెండో ఏడాది కుర్రాళ్లకు భలే అతికింది. మిడిమిడి జ్ఞానపు మాటల్ని ఇప్పటికీ సోఫమోరిక్ అంటారు. ఇంగ్లండువాళ్లు ఆ మాటను వదిలేశారు, అమెరికావాళ్లు పట్టుకున్నారు.

తమ్ముడు: గాయకుల రెండో ఆల్బమ్‌కు కూడా ఇదే పేరు కదా?

అక్క: అవును. మొదటిది డెబ్యూ, రెండోది సోఫమోర్. అది చతికిలబడితే సోఫమోర్ స్లంప్. బేస్‌బాల్ ఆటగాడు రెండో సీజన్‌లో తడబడినా అదే మాట.

తమ్ముడు: అంటే మన ద్వితీయ విఘ్నమే! కొత్త దర్శకుడు రెండో సినిమా మొదలుపెట్టగానే అందరి నోటా అదేగా.

అక్క: అదే. రాజమౌళి 2003లో సింహాద్రితో దాన్ని సునాయాసంగా దాటేశారు. అయితే ఈ విఘ్నానికి దిష్టి కారణం కాదు. మొదటి ఆల్బమ్‌లోకి ఏళ్లతరబడి దాచుకున్న పాటలన్నీ వెళ్లిపోతాయి. రెండోదాన్ని కచేరీల మధ్య, ఏడాది రెండేళ్లలో తెమ్మంటారు. పైగా మొదటిది అంచనాలు మించి ఆడినవాళ్ల మీదే అందరి కళ్లూ ఉంటాయి. రెండోసారి ఆ అదృష్టం కాస్త తగ్గినా పెద్ద పతనంలా కనిపిస్తుంది.

తమ్ముడు: తీరిగ్గా చేస్తే గట్టెక్కుతారా?

అక్క: అదీ చెప్పలేం. ఇంగ్లండు రాక్ బృందం స్టోన్ రోజెస్ మొదటి ఆల్బమ్ 1989లో వచ్చింది, రెండోది 1994లో. అయినా చాలామంది పెదవి విరిచారు. నిర్వాణా బృందం 1989లో మొదటిది తెచ్చి, రెండేళ్లకే నెవర్‌మైండ్‌తో లోకాన్ని ఊపేసింది.

తమ్ముడు: అయితే మూడోది జూనియర్ ఆల్బమా?

అక్క: ఎవరూ అనరు! పోలిక రెండోదాని దగ్గరే ఆగిపోయింది. ఎన్నోదైనా ఫాలో అప్ అనొచ్చు, ఐదోది నాలుగోదానికి ఫాలో అప్.

తమ్ముడు: సీక్వెల్ అంటే?

అక్క: కథ కొనసాగాలి. బాహుబలి రెండో భాగం సీక్వెల్. సింహాద్రి కాదు.