వంశవృక్షం వద్దు, గోదారిని గీయండి

"మీ పిల్ల సగం తెలుగు, సగం ఒడియా కదా?" పెళ్ళిళ్ళలో మా అక్క కూతురి గడ్డం పట్టుకుని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ 'సగం' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి చూడండి. పైనుంచి వచ్చే నీళ్ళలో ప్రాణహిత ఉంది, ఇంద్రావతి ఉంది, ఒడిశా నుంచి దిగి కూనవరం దగ్గర కలిసే శబరి ఉంది. మా ఊరి కాలవలో చెంబుడు నీళ్ళు ముంచి, ఇందులో శబరిని వేరుచేసి చూపించమంటే ఎవరి తరం? చెంబుడూ గోదారే. మా పిల్లా అంతే.

పూర్వీకుల గురించి చెప్పే బొమ్మల పుస్తకాల్లో చెట్టు బొమ్మ అందుకే నాకు నచ్చదు. మన వంశవృక్షానికి ఒకటే మాను, ఇంటిపేరు. మా పిల్ల ఇంటిపేరు వాళ్ళ నాన్నది కాబట్టి, ఆ చెట్టులో మా అమ్మకి చోటే లేదు! లెక్క చూడండి: అమ్మానాన్నలు ఇద్దరు, వాళ్ళ పైన నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. ఇంటిపేరు దిగొచ్చింది ఆ ఎనిమిది మందిలో ఒక్క ముత్తాత నుంచే. మిగతా ఏడుగురు ఏ ఏటి నీళ్ళు? (మేనరికమైతే ఎనిమిది కాస్తా ఆరవుతుంది. నది మధ్యలోని లంకకి అటూ ఇటూ చీలిన పాయ మళ్ళీ కలిసినట్టు.)

మన డెల్టాలో ఈ ఏరులు ఎంత దూరం నుంచి వచ్చాయో! ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళినవాళ్ళు, 1942లో యుద్ధం తరిమితే బర్మా నుంచి నడిచొచ్చినవాళ్ళు, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న యానాం వాళ్ళు. ఇవన్నీ బొమ్మలకెక్కాల్సిన కథలు.

ఇక బొమ్మల్లో మనుషులకి వేసే ఒంటి రంగు సంగతి. అమెరికాలో క్రయోలా వాళ్ళు ఒక లేత రంగు క్రేయానుకి 'ఒంటి రంగు' అనే పేరు పెట్టి అమ్మేవారు. అది 'పీచ్'గా మారింది 1962లో. తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళని పెళ్ళాడకూడదనే చట్టాలను అక్కడి సుప్రీంకోర్టు 1967లో కొట్టేసింది. ఆరేళ్ళకి, 1973లో, నల్ల అమ్మ, తెల్ల నాన్న ఉన్న ఇంటి మీద బొమ్మల పుస్తకం వచ్చింది. దీని మీద ఇంకో వీడియో చేస్తాను.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. పెద్ద కాగితం తీసుకోండి. మధ్యలో ఆనకట్ట, దాని మీద మీ పిల్ల. పైన ఒక్కో పూర్వీకుడికీ ఒక్కో ఏరు, దాని పక్కన ఊరు, ఆ ఇంట్లో మాట్లాడిన భాష. తెలియనిచోట చుక్కల గీత. కింద పాయలు ఖాళీగా వదిలేయండి.

మా పిల్ల శబరి పక్కన 'జేజేమా' అని రాసింది, ఒడియాలో నాన్నమ్మని అలాగే పిలుస్తారు. అది చదివి మా అమ్మ, "ఓసి, మన జేజమ్మేనే!" అంది.